తంగు

ఆ సినిమా గురించి మూడు పేజీలు రాశాను
యూనివర్సిటీ ఫిల్మ్ సొసైటీ సైక్లోస్టైల్ పత్రికలో.
పేరు ఇక్కడ చెప్పను. గుర్రాలు, దుమ్ము, ఒకటే వీధి,
ఆ చివర నలుగురు, ఈ చివర ఒకడు.
అదే కథ.

తిరుపతిలో మార్నింగ్ షో. నేల టిక్కెట్టు డెబ్బై పైసలు.
మొక్కు తీరిన గుండ్లు నా ముందు వరసలో
తడి చందనంతో మెరుస్తుంటే
వాటి సందుల్లోంచి చూశాను ఎడారిని.
ఇంగ్లీషు మాటలు ఫ్యాను రెక్కల్లో పడి నలిగిపోయేవి.
ఎవరికీ ఆ బెంగ లేదు.

నా పక్కన పీరాన్ సాయిబు.
స్టేషన్ ముందర జట్కా స్టాండులో రెండో బండి ఆయనది.
ఎనిమిది రోజుల ఆటలో ఆరోసారి రావడం.
తుపాకులు పేలేటప్పుడు బీడీ వెలిగించుకుంటాడు.
ముద్దు సీనుకి తువ్వాలు దులుపుకుంటాడు.
గుర్రం తెర మీదికొస్తే మాత్రం
మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి ముందుకి వంగుతాడు,
బిడ్డ నుదురు తాకి జ్వరం చూసేవాడిలా.

"ముందర ఎడం కాలు చూడబ్బా, లాడం వదులైపోయుండాది.
ఆ డైరెక్టరుకి తెలీదు. దానికి తెలుసు."
"ఇది ఇందాకటి గుర్రం కాదు, నుదుటి చుక్క జరిగింది.
రెండుండాయి వాళ్ళకాడ. పాపం, రెండోది ముసల్ది."
"గంట నుంచి పరిగెత్తిస్తా ఉండాడు,
నీళ్ళు చూపించినాడా ఒక్కసారన్నా?"

హాలు నవ్వింది. నేనూ నవ్వాను.

చివరి రీలు. వీధి ఖాళీ. తలుపులన్నీ మూసుకున్నాయి.
ఆ ఒక్కడు గుర్రం దిగి, కొయ్యకి పగ్గం చుట్టి,
దాని కడుపు కిందికి చెయ్యి పోనిచ్చాడు.
సాయిబు బీడీ నోటి దాకా పోలేదు.

"తంగు వదులు చేసినాడు, చూస్తివా.
పారిపోవాలనుకున్నోడు బిగించి పెట్టుకుంటాడు,
ఎగిరి కూర్చుంటే చాలు, పోతా ఉండాల.
వీడు వదులు చేసినాడంటే
ఇంక పొయ్యేది లేదని చెప్పినట్టు.
ఊళ్ళో మనిషికెవురికీ చెప్పలే. దానికి చెప్పినాడు."

బయటికొస్తే పన్నెండు గంటల ఎండ.
కొండ ఎర్రరాతి అంచులు గోడలా నిలబడి ఉన్నాయి,
ఇంకో రీలు మిగిలుందన్నట్టు.
సాయిబు రేష్మా మెడకున్న ఉలవల సంచి విప్పి
"అలిపిరీ, అలిపిరీ" అని కేకేసుకుంటూ వెళ్ళిపోయాడు.

గదికెళ్ళి రాశాను:
ధైర్యం గురించి ఈ చిత్రం ఒక్క మాటా మాట్లాడదు,
ఒక పట్టీని వదులు చేస్తుంది.
ప్రొఫెసరు గారు దాని కింద గీత గీశారు.
మద్రాసు నుంచి ఎవరో ఉత్తరం రాశారు.
నలభై ఏళ్ళుగా ఆ వాక్యం మీదే బతుకుతున్నాను,
విమర్శకుడంటారు, బీరువాలో శాలువాలున్నాయి.

సాయిబు పేరు ఎక్కడా రాయలేదు.
ఒకసారి "ఒక ప్రేక్షకుడు అన్నట్టు" అని రాసి
అదీ కొట్టేశాను.
ఆటోలొచ్చి స్టాండు ఎత్తేశాక అడిగితే
పీలేరు పోయాడని ఒకరు, మదనపల్లె అని ఒకరు.
గుర్రాన్ని ఏం చేశాడో నేను అడగలేదు.

నిన్న రాత్రి మళ్ళీ చూశాను, మా అమ్మాయి లాప్‌టాప్‌లో.
ఆ చోటు రాగానే ఆపి, వెనక్కి లాగి, మళ్ళీ ఆపి.
చెయ్యి కడుపు కిందికి పోతుంది. కట్.
వదులు చేశాడో బిగించాడో కనపడదు.
అరచేతులు చెమటపట్టాయి.
నేను నలభై ఏళ్ళు చెప్పింది
తెర మీద లేదు.

పదకొండోసారో పన్నెండోసారో
చేతిని చూడటం మానేశాను.
ఫ్రేము అంచున సగం తెగిపోయిన గుర్రం,
దాని పక్కటెముకలు
నెమ్మదిగా ఉబ్బాయి, ఒక్కసారి,
బండి నుంచి విడిపించిన దానిలా
పెద్ద ఊపిరి.